బడి లేని పిల్లల బదిలీ: హైదరాబాద్ నుంచి అనకాపల్లి దాకా

బడికి వెళ్లే పిల్లలు ఊరు మారితే చేతికి టీసీ వస్తుంది. దాన్ని పట్టుకుని వెళ్తే కొత్త బడిలో ఒక తరగతి, ఒక టైంటేబుల్, పక్కన కూర్చునే పిల్లలు, మందలించే టీచర్లు, అన్నీ ఒక్కరోజులో దొరికేస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలను అలా అందుకునేవాళ్లు ఉండరు. పరీక్ష కేంద్రం దగ్గర్నుంచి సాయంత్రం ఆడుకునే తోడు దాకా తల్లిదండ్రులే ఒక్కొక్కటిగా కుదుర్చుకోవాలి. హోమ్‌స్కూలింగ్ కుటుంబాలకు పరీక్షల రిజిస్ట్రేషన్లు, కాగితాల పనులు, ఊరు మారే ఏర్పాట్లలో సాయం చేయడం నా వృత్తి. నన్ను బాగా ఆలోచనలో పెట్టిన ఒక కేసును ఆ తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. మనుషుల పేర్లు, పల్లె పేరు ఇవ్వడం లేదు.

కుటుంబం, కారణం

హైదరాబాద్ మియాపూర్‌లో అద్దె ఫ్లాట్. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి నుంచి పనిచేసే వీలుంది. తల్లి ఒకప్పుడు ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పేవారు. అమ్మాయికి 14 ఏళ్లు. రెండో తరగతి దాకా బడికి వెళ్లి, ఆ తర్వాత ఇంట్లోనే చదువుకుంటోంది. అబ్బాయికి 9 ఏళ్లు, బడి మొహమే చూడలేదు.

తండ్రిది అనకాపల్లి దగ్గర మునగపాక వైపు ఒక పల్లె. అక్కడ వాళ్ల నాన్న ఒక్కరే ఉంటున్నారు. భార్య పోయాక హైదరాబాద్ రమ్మంటే రానన్నారు. ఒకసారి బాత్రూమ్‌లో జారి పడ్డారు. అప్పుడే కొడుకూ కోడలూ నిర్ణయించుకున్నారు, 2025 సంక్రాంతికి వెళ్లి ఇక అక్కడే ఉండిపోవాలని. ఆయన రిటైరైన గవర్నమెంట్ టీచర్. చివరి ఏళ్లలో హెచ్చెమ్‌గా చేశారు. ఊరంతా మాస్టారు అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

నా దగ్గరికి వచ్చేసరికి తండ్రి ఒక ఎక్సెల్ షీట్ తయారు చేసుకొచ్చారు. పుస్తకాలు, ఆన్‌లైన్ క్లాసులు, ఫైబర్ నెట్ కనెక్షన్, ఇన్వర్టర్, ప్రింటర్. "మాకు బడితో సంబంధం లేదు కదండీ, నెట్ ఉంటే ఎక్కడైనా ఒకటే" అన్నారు. ఊరు మారే హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఈ మాటే అంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో చదువు అని మనం పిలిచే దాంట్లో సగం ఇంటి బయట జరుగుతుంది. సామాను ఎక్కించే లారీలో అది రాదు.

వారం కాగితం

అందుకే నేను మొదట సిలబస్ అడగను. మామూలుగా గడిచిన ఒక వారాన్ని కాగితం మీద రాయమంటాను. ఏ సబ్జెక్టు చదివారని కాదు, ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరున్నారు అని. తల్లి రాత్రి కూర్చుని ఓపిగ్గా రాసి పంపారు.

అమ్మాయి ఆదివారం తెల్లవారుజామున అమీన్‌పూర్ చెరువుకు వెళ్తుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చెరువు అది. అక్కడ పక్షులు చూసే ఒక చిన్న బృందం ఉంది. అందులో రిటైరైన బ్యాంకు ఆఫీసర్ ఒకాయన బైనాక్యులర్స్ పట్టుకోవడం దగ్గర్నుంచి నోట్‌బుక్ రాయడం దాకా అన్నీ నేర్పారు. గురువారం నాలుగైదు హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు పార్కులో కలుస్తాయి. లెక్కలు చెప్పడానికి పై అంతస్తులో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకమ్మాయి వస్తుంది. అబ్బాయి రోజూ మధ్యాహ్నం సందు చివర సైకిల్ రిపేర్ షాపులో కూర్చుంటాడు. పంక్చర్ వేయడం వచ్చు, చక్రం వంకర తీయడం ఇప్పుడిప్పుడే వస్తోంది. హిందీ కూడా ఆ షాపులోనే వచ్చింది.

ఆ కాగితం మీద అనకాపల్లి రానివాటిని పెన్సిల్‌తో కొట్టేయమన్నాను. చెరువు పోయింది, గురువారం పోయింది, సైకిల్ షాపు పోయింది. లెక్కలు చెప్పే అమ్మాయి ఆన్‌లైన్లో చెప్తానంది కాబట్టి ఆమె మిగిలింది. తండ్రి కాగితం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎక్సెల్ షీట్‌లో ఇంకో ట్యాబ్ తెరిచారు. దానికి "మనుషులు" అని పేరు పెట్టారు.

కాగితాలు: అమ్మాయి సంగతి

ఈ కేసులో నా టైమ్ ఎక్కువ తీసుకున్నది ఇదే. పదో తరగతి వయసు దాటబోతున్న పిల్లలతో ఊరు మారే ఎవరికైనా పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఇంట్లో చదువుకోవడాన్ని నిషేధించే చట్టం లేదు. దానికి పద్ధతులు నిర్ణయించే ప్రత్యేక చట్టమూ లేదు. ఇంట్లో చదివిన పిల్లలకు చివరికి చేతికొచ్చే గుర్తింపు ఎక్కువగా సార్వత్రిక (ఓపెన్ స్కూల్) పరీక్షే. కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ఉంది. దాంతోపాటు తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ఊరు మారే అవకాశం కొంచెమైనా ఉన్న కుటుంబాలకు నేను ఎన్‌ఐఓఎస్ వైపే మొగ్గమంటాను, ఎందుకంటే రాష్ట్రం దాటినా బోర్డు మారదు. ఈ అమ్మాయి అదృష్టం కొద్దీ అందులోనే రిజిస్టర్ అయింది. అప్పటికే తెలుగు, ఇంగ్లీష్ పాసైంది. లెక్కలు, సైన్స్, సోషల్ 2025 ఏప్రిల్‌లో రాయాలి.

ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది. ఆ లోపల పరీక్షకు 9 అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. ఏటా ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్లో ఒకసారి పరీక్షలుంటాయి. ప్రతి విద్యార్థినీ ఒక స్టడీ సెంటర్‌కు, అంటే వాళ్ల భాషలో ఏఐకి (అక్రెడిటెడ్ ఇన్‌స్టిట్యూషన్), జతచేస్తారు. ప్రాక్టికల్స్, అసైన్‌మెంట్ల వ్యవహారం దాని చుట్టూనే తిరుగుతుంది.

తండ్రి ఆలోచన ఏమిటంటే ఏఐని వెంటనే అనకాపల్లి వైపు మార్చేయాలని. ఊరు మారుతున్నాం కాబట్టి అన్నీ ఒకేసారి మార్చేస్తే పీడా పోతుందని. నేను వద్దన్నాను. జనవరిలో మకాం, ఏప్రిల్లో పరీక్ష, మధ్యలో ప్రాక్టికల్స్. ఆ మూడు నెలల్లో మార్పు దరఖాస్తు ఎక్కడో ఆగిందంటే అమ్మాయి పరీక్షే పోతుంది. హైదరాబాద్‌లో అమ్మాయి పిన్ని ఉంది. ప్రాక్టికల్స్‌కీ పరీక్షలకీ వచ్చి ఆమె ఇంట్లో ఉండి రాసి వెళ్లడం మేలన్నాను. పదో తరగతి ఏ ఊళ్లో రాశారన్నది తర్వాత పెద్దగా ఎవరూ అడగరు. పన్నెండు మాత్రం అలా కాదు, అక్కడే అసలు మెలిక ఉంది.

రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన దగ్గర కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికత లెక్కకు అందరికీ తెలిసిన సూత్రం, అర్హత పరీక్ష (ఇక్కడ పన్నెండో తరగతి) రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండటం. స్టడీ సర్టిఫికెట్లే లేని పిల్లల సంగతేమిటి? అదే ఉత్తర్వులో వాళ్ల కోసం ఒక వాక్యం ఉంది. ఏ విద్యాసంస్థలోనూ చదవని అభ్యర్థి, అర్హత పరీక్ష మొదలయ్యే నాటికి ముందు వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివసించి ఉంటే స్థానికుడే. అంటే బడి పిల్లలకు బడి ఇచ్చే కాగితం ఆధారం, మన పిల్లలకు ఇంటి చిరునామానే ఆధారం. హోమ్‌స్కూలింగ్ తల్లిదండ్రుల్లో ఈ వాక్యం తెలిసినవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు. తెలియక పిల్లలను నడిమధ్యన ఊరు మార్చేస్తారు.

ఈ అమ్మాయి లెక్క వేసి చూద్దాం. పక్షులు, జంతువులు, పంటలు అంటే ప్రాణం, అగ్రికల్చర్ బీఎస్సీ గానీ వెటర్నరీ గానీ చదవాలని ఉంది. పదో తరగతి 2025లో అయిపోయి పన్నెండు 2027 ఏప్రిల్లో రాస్తే, ముందటి నాలుగేళ్లలో దాదాపు రెండేళ్లు మియాపూర్‌లో, రెండేళ్లు అనకాపల్లిలో. తెలంగాణలో స్థానికురాలు కాదు, ఆంధ్రాలోనూ నాలుగేళ్లు నిండవు. ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్ 2తో ముగిసింది. అదే 2029 ఏప్రిల్లో రాస్తే నాలుగేళ్లు నిండి, ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో స్థానికురాలవుతుంది.

ఇంకో దారీ ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, పిల్లలకు మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీపడే వీలును పాత ఉత్తర్వు ఇచ్చింది. తండ్రి డిగ్రీ దాకా అనకాపల్లిలోనే చదివారు కాబట్టి అది తలుపు తెరిచి ఉంచుతుంది. కాకపోతే 2024 తర్వాత రెండు రాష్ట్రాలూ ఈ నిబంధనలను సవరించుకుంటూ వస్తున్నాయి. దరఖాస్తు చేసే ఏడాది అమల్లో ఉన్న ఉత్తర్వు చదవకుండా పాత లెక్క నమ్ముకోవద్దని వాళ్లకు గట్టిగా చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

ఇంజనీరింగ్ వైపు వెళ్లే పిల్లలకు ఒక మాట. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. జేఈఈలో ఎన్‌ఐఓఎస్ విద్యార్థుల సొంత రాష్ట్రాన్ని స్టడీ సెంటర్ ఉన్న చోటును బట్టి తేలుస్తారు. వరంగల్ ఎన్‌ఐటీనా, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీనా అన్నది పన్నెండో తరగతికి ఎంచుకునే ఏఐతో ముడిపడి ఉంటుంది. అందుకే ఏఐని దగ్గరని, ఫీజు తక్కువని చూసి పెట్టుకోకూడదు.

ఇల్లు ఖాళీ చేయకముందే మియాపూర్ నివాసానికి సంబంధించిన అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు ఏడాదివారీగా ఫైల్ చేయించాను. మీసేవ ద్వారా నివాస ధ్రువపత్రం తీసుకోమన్నాను. ఊరు వదిలాక దాన్ని తీసుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. అనకాపల్లి చేరిన నెలలోనే నలుగురి ఆధార్ చిరునామాలూ మార్పించాను. రేపు తహసీల్దారు ముందు నాలుగేళ్ల నివాసం చూపించాలంటే మొదటి నెల నుంచే ఆధారం పుట్టాలి. ఇల్లు మాస్టారి పేరు మీద ఉంది కాబట్టి అమ్మాయి పేరు మీద ఏదో ఒకటి ఉండాలని బ్యాంకు ఖాతా, లైబ్రరీ కార్డు పెట్టించాం.

పుస్తకాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అట్టపెట్టెల్లో సర్దారు, క్షేమంగా చేరాయి.

మాస్టారు

నేను ఊహించని చిక్కు ఇంట్లోనే ఎదురైంది. పండగ అయిన మర్నాడు మాస్టారు నాకు ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "అమ్మా, నేను సర్వీసంతా ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడిలో వేశాను. గేదెల కాడికి పంపుతాం అన్నవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. ఇప్పుడు నా మనవలే బడికెళ్లకుండా అరుగు మీద కూర్చుంటే ఊళ్లో నా మొహం ఎలా ఎత్తుకునేది?"

ఆయన మాటలో న్యాయం ఉంది. మియాపూర్‌లో పక్క ఫ్లాట్ వాళ్లకు ఈ పిల్లలు బడికి వెళ్తారో లేదో తెలియదు. పల్లెలో అలా కుదరదు. అమ్మాయి కొట్టుకు వెళ్తే కొట్టావిడ, "ఏటమ్మా, బడికెల్లవేటి? ఒంట్లో బాగునేదా?" అని అడుగుతుంది. అందులో ప్రేమే తప్ప నింద లేదు. అయినా రోజుకు పదిమంది అడిగితే పద్నాలుగేళ్ల పిల్ల తట్టుకోవడం కష్టం. రెండో వారానికే అమ్మాయి పగటిపూట గేటు దాటడం మానేసింది.

గ్రామ సచివాలయం నుంచి ఎడ్యుకేషన్ అసిస్టెంట్ వస్తారని ముందే చెప్పి ఉంచాను. బడి బయట ఉన్న పిల్లల వివరాలు రాసుకోవడం వాళ్ల డ్యూటీ. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది కాబట్టి అబ్బాయి పేరు ఆ జాబితాలోకి వస్తుంది. వచ్చిన అసిస్టెంట్‌తో వాదన పెట్టుకోవద్దని, చట్టాలు వల్లించవద్దని తల్లికి చెప్పాను. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఒక ఫైలు ముందు పెట్టండి అన్నాను. అందులో జనన ధ్రువపత్రాలు, టీకాల కార్డులు, అమ్మాయి ఎన్‌ఐఓఎస్ ఐడీ కార్డు, అబ్బాయి ఏడాది పొడవునా రాసిన నోట్‌బుక్కుల్లోంచి కొన్ని పేజీలు. ఆ అసిస్టెంట్ అరగంట కూర్చుంది. అబ్బాయితో నాలుగు లెక్కలు చేయించింది, ఓ పేజీ చదివించింది. "తల్లిదండ్రుల ఆధ్వర్యంలో చదువుతున్నాడు" అని రాసుకుని వెళ్లింది.

ఆమె వెళ్లాక మాస్టారు ఆ నోట్‌బుక్కులు తీసి చదవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆయనకు ఎవరూ వాటిని చూపించలేదు. చూపించాల్సిన మొదటి మనిషి ఆయనేనని నాకు అనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నచోటికి వెళ్లే ఏ కుటుంబానికైనా ఇప్పుడు నేను ముందు ఇదే చెప్తున్నాను: బయటివాళ్లకు ఫైలు తయారు చేసుకునే ముందు తాతకో నాయనమ్మకో పిల్లలేం చదువుతున్నారో కూర్చోబెట్టి చూపించండి. మాస్టారు సైకిల్ చక్రం బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగారట. పుల్లలు ఎన్ని, ఏ పుల్ల బిగిస్తే చక్రం ఎటు లాగుతుంది, అన్నీ అబ్బాయి చేతిరాతతో ఉన్నాయి. ఒత్తులన్నీ తప్పులు. ఆయన ఎర్ర పెన్ను తీసుకోలేదు. మనవణ్ణి పిలిచి, "ఇది నాకు చెప్పరా" అన్నారు.

ఆవ, గానుగ

మొదటి రెండు నెలలు అబ్బాయికి సిలబస్ అంటూ పెట్టవద్దని తల్లికి చెప్పాను. ఆమెకు టెన్షన్‌గానే ఉండేది. వెనకబడిపోతాడేమోనని వారానికోసారి మెసేజ్ పెట్టేవారు. కానీ జనవరి నుంచి మార్చి దాకా మునగపాక చుట్టుపక్కల చెరకు గానుగలు ఆడే కాలం. మాస్టారు మనవణ్ణి ఒక గానుగ దగ్గరికి తీసుకెళ్లారు. పెద్ద పెనంలో రసం కాగుతుంటే, మడ్డి పైకి తేలుతుంటే, వండేవాడు సున్నం కలుపుతున్నాడు. వీడు సున్నం ఎందుకని అడిగాడు. రసంలో పులుపు విరగడానికి, మడ్డి తేలడానికి అని ఆయన చెప్పాడు. ఎక్కువైతే బెల్లం రంగు చెడుతుందని, తక్కువైతే దిమ్మ గట్టిపడదని కూడా చెప్పాడు. ఆ రాత్రి తల్లి వంటింట్లో పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా మారడం చూపించి, ఆమ్లం అంటే ఏమిటో క్షారం అంటే ఏమిటో చెప్పారు. తర్వాత మాస్టారు అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు కూడా తీసుకెళ్లారు. దిమ్మలు పేర్చి రంగును బట్టి ధర కట్టడం చూసి వచ్చి, వీడు ఇంట్లో నాలుగు రకాల బెల్లం ముక్కలు వరస పెట్టి వేలం పాడించాడట.

అమ్మాయికి అమీన్‌పూర్ చెరువు పోయిందన్న దిగులు తీరడానికి ఇంకొంచెం సమయం పట్టింది. అచ్యుతాపురం దారిలో కొండకర్ల ఆవ ఉంది. కొల్లేరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మంచినీటి సరస్సు అదే. అక్కడ రెండు తాటి బోదెలను తొలిచి, పక్కపక్కన కట్టి దోనె చేస్తారు. ఆ దోనె నడిపే ఒకాయనతో మాస్టారు మాట్లాడి పెట్టారు. ఆయన ఒకప్పుడు మాస్టారి విద్యార్థి. తండ్రి ఆదివారాలు బండి మీద అమ్మాయిని దింపి వచ్చేవారు.

ఆ దోనె ఆయనకు ఇంగ్లీషు పేర్లు తెలియవు, బైనాక్యులర్స్ లేవు. కానీ ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్ట గుడ్లు ఎక్కడ పెడుతుందో, నీరు తగ్గితే నత్తగుల్లకొంగలు ఏ మూలకు చేరతాయో చూడకుండా చెప్పగలడు. అమ్మాయి నోట్‌బుక్‌లో ఎడమ పేజీ తన పుస్తకం చెప్పే పేర్లకు, కుడి పేజీ ఆయన చెప్పే సంగతులకు. అమీన్‌పూర్ బృందంలోని బ్యాంకు ఆఫీసర్ గారికి ఆ పేజీల ఫొటోలు పంపితే ఆయన ఫోన్ చేసి ప్రశ్నల వర్షం కురిపించారు. అలా పాత మనిషీ కొత్త మనిషీ ఒకే నోట్‌బుక్‌లో కలిశారు. హైదరాబాద్ పరిచయాన్ని తెంచుకోకుండా ఇలా ఏదో ఒక పని మీద నిలబెట్టుకోవాలని నేను ప్రతి కుటుంబానికీ చెప్తాను. ఊరికే వీడియో కాల్‌లో బాగోగులు అడిగితే నాలుగు వారాలకు మాటలు అయిపోతాయి.

కాగితం మీద రాసుకుంటే చుట్టుపక్కల చూడదగ్గవి ఇంకా చాలా ఉన్నాయి. శంకరం దగ్గర బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండ, లక్కబొమ్మల ఏటికొప్పాక, విశాఖ బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి. అన్నీ చూశారు, బాగున్నాయన్నారు. ఒకసారి చూసి వచ్చే చోటు చదువుకు పెద్దగా ఆసరా కాదని నా అభిప్రాయం. వారం వారం వెళ్లగలిగే చోటు, మళ్లీ కనిపించే మనిషి కావాలి.

పగటిపూట ఖాళీ వీధి

అబ్బాయి విషయంలో ఒక సమస్య మాత్రం ఏ గానుగా తీర్చలేకపోయింది. మియాపూర్‌లో పగలు కూడా వాడికి తోటి పిల్లలు ఉండేవాళ్లు, గురువారం బృందం వల్ల. పల్లెలో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వీధిలో ఒక్క పిల్లాడు ఉండడు. అందరూ బడిలోనే. ఫిబ్రవరి చివరికల్లా వాడు మూడున్నర నుంచే గేటు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. పిల్లలు రాగానే ఆటలో దూకేవాడు. కానీ వాళ్లు క్లాసులో జరిగిన సంగతులు చెప్పుకుని నవ్వుతుంటే వీడికి అర్థమయ్యేది కాదు. ఏప్రిల్లో ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, నేను బడికెళ్తా" అన్నాడు.

తల్లి నాకు ఫోన్ చేసి ఏడ్చారు. ఇన్నేళ్లు ఈ దారిలో నడిపించి, ఉద్యోగం వదులుకుని, బంధువులందరికీ జవాబు చెప్పుకుని వచ్చిన మనిషి ఆమె. మావయ్యగారు నేర్పించి అడిగించారేమోనన్న అనుమానం కూడా వచ్చింది. మాస్టారిని నేనే అడిగాను. ఆయన ఆ విషయం మనవడి దగ్గర ఎత్తనే లేదు. కోడలికి ఇచ్చిన మాట మీద నిలబడ్డారు.

నేను ఆమెకు చెప్పింది ఇది. మీరు బడి వద్దనుకున్నది వీడికి ఏం కావాలో చూసి నిర్ణయించుకోవడానికే కదా. ఇప్పుడు వీడికి కావలసినవాళ్లంతా ఆ గోడ అవతల ఉన్నారు. ఒక ఏడాది వెళ్లనివ్వండి. ఊరు మారిన హోమ్‌స్కూలింగ్ కుటుంబంలో ఒక పిల్లాడు బడిలో చేరితే ఏర్పాటు చెడిపోయిందని చాలామంది లెక్కేస్తారు. నేను అలా అనుకోను. నగరంలో హోమ్‌స్కూలింగ్‌ను సాధ్యం చేసిన తోడు పల్లెలో లేనప్పుడు, ఆ పేరు కోసం పిల్లాణ్ని ఏడు గంటలు ఒంటరిగా ఉంచడం నాకు సమ్మతం కాదు.

జూన్‌లో ఊళ్లోని సర్కారు బడికి వెళ్లారు. హెచ్చెమ్ గారు రికార్డ్ షీట్ అడిగారు. ఎప్పుడూ బడికి వెళ్లని పిల్లాడికి రికార్డ్ షీట్ ఎక్కడిది? విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడిలో చేరని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావాళ్లతో సమానం కావడానికి కావాలంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ విషయం మాస్టారు ఆయనకు నెమ్మదిగా చెప్పారు. జనన ధ్రువపత్రం, ఆధార్, ఇంతవరకు బడిలో చేర్చలేదని తల్లిదండ్రుల డిక్లరేషన్ తీసుకుని నాలుగో తరగతిలో చేర్చుకున్నారు. మొదటి నెల రాత విషయంలో ఇబ్బంది పడ్డాడు. బోర్డు మీద చూసి త్వరత్వరగా దించుకోవడం అలవాటు లేదు. గుణింతాలు, ఒత్తులు మాస్టారు రాత్రిపూట రాయించారు. మౌఖికంగా అడిగితే క్లాసులో ముందుంటాడని టీచర్ చెప్పారు. సైన్స్ పాఠంలో ఆమ్లాలు వచ్చినప్పుడు గానుగ కథ చెప్పి, మర్నాడు పసుపు, సున్నం పట్టుకెళ్లాడట.

ప్రస్తుతం

అమ్మాయి ఏప్రిల్లో పిన్ని ఇంట్లో ఉండి పరీక్షలు రాసింది. సైన్స్, సోషల్ మంచి మార్కులతో పాసైంది, లెక్కలు పోయాయి. మకాం మారిన హడావుడిలో ఆన్‌లైన్ క్లాసులు సగం తప్పాయి, నెట్ కూడా మొదటి నెల సరిగా లేదు. అక్టోబర్లో మళ్లీ హైదరాబాద్ వెళ్లి రాసింది, ఈసారి గట్టెక్కింది.

దానివల్ల ముందు వేసిన లెక్క మారింది. పది పూర్తయ్యాక పన్నెండుకు రెండేళ్ల వ్యవధి కావాలి కాబట్టి మామూలుగా వెళ్తే 2028 ఏప్రిల్ వస్తుంది. స్థానికత కోసం 2029 దాకా ఆగాలంటే ఇప్పుడు తేడా ఒక్క ఏడాదే. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి సబ్జెక్టులు విడతలుగా రాసుకుంటూ, ఆ ఏడాదిని ఆవ మీద నోట్‌బుక్ పనికీ, అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో ఎవరైనా దగ్గర పెట్టుకుని పని చూపిస్తారేమో అడగడానికీ వాడుకోవచ్చని నేనన్నాను. తండ్రికి ఒక ఏడాది అంటే మనసొప్పడం లేదు. అన్‌రిజర్వ్‌డ్ సీటు దారిలో ప్రయత్నిద్దాం అంటున్నారు. అమ్మాయి మాత్రం ఆగుతానంటోంది. ఏ దారీ మూసుకుపోకుండా నివాస ఆధారాలు ఏడాది ఏడాదీ ఫైల్ చేస్తూనే ఉన్నారు, నిర్ణయం 2027లో తీసుకున్నా సరిపోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని పన్నెండో తరగతికి ఏఐని ఎంచుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండాలన్నది తేలిపోయింది. జాబితాలోంచి తల్లి రెండు సెంటర్లు ఏరారు. వాటిలో బయాలజీ ప్రాక్టికల్స్ కాగితం మీద కాకుండా ల్యాబ్‌లో చేయిస్తారో లేదో వెళ్లి చూసి రమ్మన్నాను. మైక్రోస్కోపులు బీరువాలో ఉన్నాయా బల్ల మీద ఉన్నాయా అని అడగకుండా, కళ్లతో చూడమన్నాను. వచ్చే వారం తల్లీకూతుళ్లు వెళ్తున్నారు, మాస్టారు కూడా తోడు వస్తానన్నారు.